అది ఎల్‌పీజీ వ్యాగన్ కాదండీ, హీలియం వ్యాగన్

మీరు పెట్టిన ఫొటోలో పొడవాటి ఉక్కు సిలిండర్లను కట్టగా పేర్చిన ఆ పాత అమెరికన్ రైలు వ్యాగన్ ఎల్‌పీజీదా అని అడిగారు కదా. కాదండీ. ఎల్‌పీజీని ద్రవంగా మార్చి ఒకే పెద్ద ట్యాంకులో నింపుతారు. ఇందులో ఉండేది హీలియం వాయువు. దాన్ని బాగా ఎక్కువ ఒత్తిడిలో ఉంచాలి కాబట్టి మందపాటి సిలిండర్లు, ఒక్కో వ్యాగన్‌కు దాదాపు ముప్పై, వాడేవారు. వ్యాగన్ పక్కన ఎంహెచ్ఏఎక్స్ (MHAX) అనే అక్షరాలు, అంటే ఈ హీలియం వ్యాగన్ల మీద రాసే గుర్తు, ఉన్నాయేమో చూడండి, ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

నాకు ఎంతో ఇష్టమైన వ్యాగన్ ఇది! వంద టన్నులు దాటే బండి, నిండా నింపినా అందులో హీలియం సుమారు ఒక టన్నే. టెక్సాస్‌లోని అమరిల్లోలో 1929లో మొదలైన ప్రభుత్వ ప్లాంటు నుంచి నౌకాదళ ఎయిర్‌షిప్‌లకు (హీలియం నింపి గాలిలో తేలేలా చేసే భారీ వాహనాలకు) హీలియం ఇలాగే చేరేది. వీలైతే వ్యాగన్ చివర వాల్వులుండే గది ఫొటో కూడా పెట్టండి.