వెనక పాడిన గొంతు ముందుకెలా వచ్చింది: డేవిడ్ రడ్డర్, కాలిప్సో కోరస్

మీరడిగింది రెండు: 1986లో గాయకుడు రడ్డర్ ఎక్కడినుంచి ఊడిపడ్డాడు, కాలిప్సోలో (కథ, వెక్కిరింత కలిపి పాడే ట్రినిడాడ్ పాటలో) కోరస్ వాళ్లు, అంటే వెనక పాడేవాళ్లు, చేసే పనేమిటి?

ఊడిపడలేదండీ. ట్రినిడాడ్‌లో పేరున్న కాలిప్సో గాయకుడు లార్డ్ కిచెనర్ టెంట్‌లో (కాలిప్సో ప్రదర్శన వేదికలో) కోరస్ పాడుతూ, బతుకుతెరువుకి బస్సు సంస్థలో లెక్కలు రాశాడు. 1977లో చార్లీస్ రూట్స్ బ్యాండ్‌లో గాయకుడు టాంబూ లేని ఖాళీలోకి వచ్చాడు. టాంబూ తిరిగొచ్చాక కూడా ఉండిపోయాడు. 1986లో యంగ్ కింగ్ (కొత్త గాయకుల పోటీ), కాలిప్సో మోనార్క్ (అసలు పెద్ద పోటీ), రోడ్ మార్చ్ (ఊరేగింపులో ఎక్కువగా వాయించిన పాటకి ఇచ్చేది) మూడూ అతనికే.

టెంట్ అంటే పేరుకే గుడారం, ఇప్పుడది హాలు. కార్నివాల్ అనే వీధి పండుగకి ముందు వారాల్లో ఒకే బ్యాండ్, ఒకే కోరస్ ఆ రాత్రి వచ్చే గాయకులందరికీ వాయించి పాడాలి. అందరి పల్లవులూ, ఎవరి శ్రుతి వారిదీ నోటికి రావాలి. ఇంతకు మించిన బడి ఏముంటుంది?

ఇక పని సంగతి. చరణంలో కోరస్ సాధారణంగా నోరు మెదపదు. అక్కడ కథో వెక్కిరింతో నడుస్తుంది, ఒక్క మాట వినపడకపోయినా చమత్కారం పోతుంది. మన బుర్రకథలో వంతల్లా మధ్యలో "తందాన" అంటే కుదరదు. పల్లవిలో జవాబు మాత్రం గట్టిగా పడాలి.

ముగ్గురు చాలు. ఒకరు అసలు వరస, ఇద్దరు దానికి జోడు స్వరాలు. కొత్తవాళ్లు తప్పేది ఎత్తుగడలో: కాలిప్సోలో మాట తరచు తాళం దెబ్బకి ముందే అందుకుంటుంది, వీళ్లు దెబ్బ కోసం ఆగుతారు, పాట ఈడుస్తుంది. ముందు స్వరం వదిలేసి, చప్పట్లు కొడుతూ మాటలు మాత్రమే అనండి.

మాట చివర "స్" వస్తే ఒక్కరే పలకాలి. ముగ్గురూ పలికితే మైకులో పాము బుసకొట్టినట్టుంటుంది. ఒకే మైకైతే పైస్థాయి గొంతు జానెడు వెనక్కి జరగాలి, లేకపోతే అదొక్కటే వినిపిస్తుంది.

జనం మెచ్చుకుని "కైసో!" (మన "శభాష్" లాంటిది) అని అరిస్తే గాయకుడు ఇంకో చరణం అందుకుంటాడు. అతను ఊపిరి తీసుకునేదాకా పల్లవి చివరి పాదం తిప్పుతూ ఉండాలి, గొంతు పెంచకుండా. అతని పెదవి కదలగానే ఆపేయాలి. అందుకే కోరస్ చూపు జనం మీద కాదు, అతని మీదే ఉంచాలి.