కప్పు చూసి ఇల్లు అనుకోకు తమ్ముడూ

తమ్ముడూ, శాటిలైట్ ఇమేజీల్లో నివాస ప్రాంతాలు గుర్తించే పని మొదలుపెడుతున్నానని రాశావు, చాలా సంతోషం. ఏ మోడల్ వాడాలి అని అడిగావు గానీ ఇప్పుడే దానితో బుర్ర పాడుచేసుకోకు, ఇమేజీలో ప్రతి పిక్సెల్ ఏ క్లాసో చెప్పే యూ-నెట్‌తో మొదలుపెట్టు చాలు, అసలు పనంతా లేబుల్స్ దగ్గరే, అంటే ఏది ఇల్లో ఏది కాదో మనం ముందే గుర్తు పెట్టే దగ్గరే ఉంటుంది.

పైనుంచి మనకి కనిపించేది కప్పు, దాని కింద కాపురం ఉందా గోడౌన్ ఉందా అన్నది కప్పు చెప్పదు. చుట్టుపక్కల చూడాలి. ఇళ్లయితే చిన్న కప్పులు దగ్గరదగ్గరగా, మధ్యలో సన్నటి రోడ్లు, పెరట్లో నాలుగు చెట్లు ఉంటాయి, గోడౌన్ అయితే ఒకటే పెద్ద కప్పు, ముందు లారీలు తిరగడానికి ఖాళీ జాగా. అందుకే ఇమేజీని ముక్కలు చేసేటప్పుడు ఆ ముక్కల్ని, అంటే టైల్స్‌ని, మరీ చిన్నగా కట్ చేయకు, ఆ చుట్టుపక్కల మోడల్‌కి కూడా కనపడాలి కదా. కింద షాపు పైన ఇల్లు ఉంటే ఏ క్లాస్‌లో వేయాలో ముందే రాసిపెట్టుకో, కొన్ని టైల్స్ ఇద్దరి చేత విడివిడిగా లేబుల్ చేయించి చూడు, మనుషులకే కుదరని చోట మోడల్‌కి ఎలా కుదురుతుంది!

యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్ ఇమేజీలు ఫ్రీనే, కానీ అది ఒక్కో రకం కాంతిని విడిగా తీసే బ్యాండ్స్ ఉన్నాయి కదా, వాటిలో బెస్ట్ బ్యాండ్స్‌లో కూడా పిక్సెల్ 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు, చిన్న ఇల్లు మొత్తం ఒక్క పిక్సెల్‌లో పోతుంది. కాలనీ ఎటు పెరుగుతోందో చూడ్డానికి ఓకే, ఇల్లు ఇల్లూ విడిగా కావాలంటే మీటరు లోపు రిజల్యూషన్ ఉండాల్సిందే.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, టైల్స్‌ని కలిపేసి ర్యాండమ్‌గా ట్రైన్ (మోడల్ నేర్చుకోడానికి), టెస్ట్ (దాన్ని పరీక్షించడానికి) అని విడగొట్టకు. పక్కపక్క టైల్స్ ఒకేలా ఉంటాయి, ఒకే వీధి సగం ట్రైన్‌లో సగం టెస్ట్‌లో పడితే స్కోర్ అదిరిపోతుంది, కొత్త ఊరికి తీసుకెళ్తే చతికిలబడుతుంది. ఊరు మొత్తాన్ని టెస్ట్‌కి పక్కన పెట్టు. యాక్యురసీ కూడా నమ్మకు, ఇళ్లు పదో వంతే ఉన్న చోట అసలు ఇళ్లే లేవన్నా 90 శాతం వస్తుంది, క్లాస్ వారీగా ఐఓయూ చూడు, అంటే మోడల్ గుర్తించిన చోటూ అసలు చోటూ కలిపిన మొత్తంలో రెండూ ఒకదానిపై ఒకటి పడిన భాగం ఎంతో.

విస్తీర్ణం లెక్కకట్టే ముందు మ్యాప్‌ని యూటీఎంలోకి, అంటే మీటర్లలో కొలతలు దాదాపు సరిగ్గా వచ్చే మ్యాప్ పద్ధతిలోకి మార్చుకో, ఆన్‌లైన్ మ్యాప్స్‌లో ఎక్కువగా వాడే వెబ్ మెర్కేటర్‌లో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏరియా నాలుగింతలు చూపిస్తుంది.

మొదటి రిజల్ట్స్ రాగానే స్కోర్ కాదు, తప్పుపోయిన టైల్స్ పంపు, కూర్చుని చూద్దాం.