దెబ్బ తగిలిన పావురం ఇంట్లో ఉంటే

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన పావురం ఫోటోలు చూశాను. గాలిపటం మాంజా దారం కోసుకుని ఒక రెక్క వాలిపోయింది గాని కళ్లు బాగా తెరిచి ఉన్నాయి, మెడ నిలబెడుతోంది. బతికే అవకాశం ఉందమ్మా. టెన్షన్ పడి మాటిమాటికీ పెట్టె తెరిచి చూడకు. మనం ప్రేమగా నిమిరినా, తనను ఏదో జంతువు పట్టుకుందనే అది అనుకుంటుంది. దెబ్బకు ఆ భయం తోడైతే తట్టుకోలేదు. వెచ్చగా, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచడమే మొదటి పూట వైద్యం.

అట్టపెట్టెకు నాలుగు వైపులా చిల్లులు పెట్టి, అడుగున పేపరు వేసి, దాని మీద పాత నూలు చీర ముక్క పరుచు. పోగులు లేచిన తువ్వాలు వద్దు, గోళ్లు చిక్కుకుంటాయి. పావురం ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీల పైన వేడిగా ఉంటుంది, దెబ్బ తగిలితే ఆ వేడి తగ్గిపోతుంది. ఈ సంక్రాంతి చలిలో వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టు. మరీ వేడనిపిస్తే అదే రెండో పక్కకు జరుగుతుంది. పెట్టెను బల్ల మీద ఉంచి, బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టడం మరచిపోకు. రక్తం వాసనకు చీమలు పట్టాయంటే కదల్లేని పక్షికి నరకమే.

నీ మెసేజ్‌లో నాకు భయం వేసిన సంగతి ఒక్కటే. చెంచాతో నీళ్లు తాగించబోయానన్నావు. ఆ పని ఎప్పుడూ చేయకు. గాలి పీల్చే రంధ్రం నాలుక వెనకాలే ఉంటుంది, నోట్లో పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కోడి అయితే గుక్క తీసుకుని తల పైకెత్తుతుంది. పావురం అలా కాదు, ముక్కు ముంచి పీల్చుకుంటుంది. అందుకని బరువైన గిన్నెలో అంగుళం లోతు నీళ్లు పోసి పక్కన పెట్టు. ఒళ్లు వెచ్చబడ్డాక కూడా తాగకపోతే ముక్కు కొస మాత్రం నీళ్లకు తాకించు, ముక్కు రంధ్రాలు మునగకూడదు.

దారం ఇంకా చుట్టుకుని ఉంటే లాగకు, గోళ్ల కత్తెరతో చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించు. మాంసంలోకి దిగిపోయిన దారాన్ని డాక్టరుకు వదిలేయ్. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు నొక్కి పట్టుకో. గాయాన్ని సెలైన్‌తో కడిగితే చాలు. మీ అత్తగారు పసుపు, నూనె రాద్దామంటే మర్యాదగానే వద్దని చెప్పు. నూనె అంటిన ఈకలు వేడిని నిలపలేవు, ఎగరడానికీ పనికిరావు. మనం వాడే నొప్పి మాత్రలు కూడా వద్దు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలు తిన్న రాబందులను లక్షల్లో చంపింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఏ మందు ఏ పక్షికి విషమో మనింట్లో కూర్చుని తేల్చలేం.

రెక్కకు పుల్లలు కట్టకు. పక్షికి మనలా పొట్టకూ ఊపిరితిత్తులకూ మధ్య పొర ఉండదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఛాతీ చుట్టూ బిగించి కట్టామా, ఊపిరాడక పోతుంది. చిన్న పెట్టెలో రెక్క విప్పుకోలేకుండా ఉంటే రేపటిదాకా అదే చాలు. రేపు మాత్రం తప్పకుండా తీసుకెళ్లు. పక్షుల ఎముకలు రెండు మూడు వారాల్లోనే అతుక్కుంటాయి, ఆలస్యమైతే వంకరగా అతుక్కుంటాయి. మీకు హైదరాబాదులో నారాయణగూడ పశువైద్యశాల గాని, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ గాని ఉన్నాయి. పక్షులను చూసే డాక్టరు ఏ వేళకు ఉంటారో ముందే ఫోన్ చేసి కనుక్కో. ఒంటి మీద పిల్లి పంటి గాటు ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగకు, ఈ రోజే యాంటీబయాటిక్ పడాలి. సూది మొన అంత గాటైనా పిల్లి నోటి క్రిములు రెండు రోజుల్లో ప్రాణం తీస్తాయి.

తిండికి జొన్నలు, సజ్జలు, గోధుమలు, పెసలు కలిపి రోజుకు 30 గ్రాములు పెట్టు. అన్నం, బ్రెడ్డు, పాలు వద్దు. రెట్ట ముదురు ఆకుపచ్చగా, పలచగా పడుతుంటే కడుపులో ఏమీ లేదనుకో. అప్పుడు ఫ్రిజ్‌లోని పచ్చి బఠాణీలను వేడినీళ్లలో వేసి గోరువెచ్చగా చెయ్యి. పక్షిని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ముక్కు మెల్లగా తెరిచి, నాలుక వెనకున్న గాలి రంధ్రం దాటించి, గొంతు వెనక్కి ఒక్కొక్క గింజ పెట్టు. పూటకు ఇరవై ముప్పై చాలు. మెడ కింద సంచి ఉబ్బుతుంది. అది ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి.

అత్తగారికి ఆయాసం ఉంది కదా, పావురాన్ని ఆవిడ గదికి దూరంగా ఉంచు. ఎండిన రెట్ట పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పేపరు మీద నీళ్లు చల్లి తడిపాకే మడిచి పారేయ్, మాస్కు కట్టుకో, చేతులు సబ్బుతో కడుక్కో.

బాబు దానికి పేరు పెట్టాడన్నావు. పెట్టుకోనీ, కానీ చేతి మీద ఎక్కించుకోవడం, ముద్దు చేయడం వద్దని చెప్పు. మనిషికి మచ్చికైన పక్షి బయట పిల్లికీ భయపడదు. ఎముక గట్టిపడిందని డాక్టరు చెప్పాక తలుపులు మూసి, ఫ్యాను ఆపి, అద్దం మీద దుప్పటి కప్పి గదిలో ఎగరనివ్వు. నేల మీంచి బీరువా పైకి తేలిగ్గా ఎగరగలగాలి. అలా కొన్నాళ్లు ఎగిరాక, వాన లేని ఒక ఉదయం మీ బాల్కనీలోంచే వదిలేయ్. దాని జత, గుంపు అక్కడే ఉంటాయి. సాయంత్రం వదిలితే చీకటి పడేలోగా చోటు దొరకదు. రెక్క బాగుపడకపోతే మాత్రం బయట వదలకు, అప్పుడేం చేయాలో ఇద్దరం మాట్లాడుకుందాం.

ఇంకొక పని ఉంది. నైలాన్ మాంజాను 2017లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించినా ఇంకా అమ్ముతూనే ఉన్నారు. పండగ అయిపోయినా చెట్లకూ, కేబుల్ వైర్లకూ అది నెలల తరబడి వేలాడుతుంది. ఆదివారం బాబునూ, వాడి స్నేహితులనూ వెంటేసుకుని డాబా మీదా, చెట్ల కిందా చేతికందిన దారమంతా ఏరించు. కరెంటు తీగల జోలికి మాత్రం పోనివ్వకు. ఏరిన దారాన్ని ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయండి. డాక్టరు ఏమన్నారో రేపు రాత్రి ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ