స్పోర్ట్స్ కారుకి తక్కువ ఖర్చులో మంచి సమ్మర్ టైర్లు ఎలా ఎంచుకోవాలి?

రోజూ తిరిగే కారే, అప్పుడప్పుడు ఘాట్ రోడ్డు మీద హుషారుగా నడుపుతారు, బడ్జెట్ మాత్రం తక్కువ అంటే, బ్రాండ్ కన్నా ముందు టైరు పక్కన రాసి ఉన్న ట్రెడ్‌వేర్ అంకె (టైరు ఎంత త్వరగా అరుగుతుందో చెప్పేది) చూడండి. 200 దగ్గర ఉంటే రబ్బరు మెత్తన: పట్టు బాగుంటుంది, త్వరగా అరిగిపోతుంది. 300–340 మధ్య ఉన్నవి రోజువారీ వాడకానికి సరిపోతాయి. ఫైర్‌స్టోన్ ఫైర్‌హాక్ ఇండీ 500 ఈ కోవలోదే, దాని రేటింగ్ 340. నేనైతే అక్కడి నుంచే వెతకడం మొదలుపెడతాను. అయితే ఈ అంకెలు ఇచ్చేది తయారీదారులే కాబట్టి, వేర్వేరు కంపెనీల మధ్య పోలిక ఉజ్జాయింపుగానే తీసుకోండి.

తడి రోడ్డు మీద బ్రేకింగ్‌కి ట్రాక్షన్ (పట్టు) గ్రేడు ఏఏ, అంటే అన్నిటికన్నా పైది, ఉన్నదే మేలు. చవక టైర్ల అసలు రంగు వానలోనే బయటపడుతుంది!

సైజు, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం) కారు మాన్యువల్‌లో చెప్పినదానికి తగ్గకూడదు. డిస్కౌంట్ ఎక్కువగా ఇస్తుంటే తయారీ తేదీ చూడండి: టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ చివర 2324 అంటే 2024లో 23వ వారం. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే సమ్మర్ టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది, కాబట్టి చలికాలానికి వేరే సెట్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.