నాన్నకు ఎఫ్‌ఏపీ అన్నారు, నాకు ఏ బాధా లేదు. కొలనోస్కోపీ చేయించుకోవాలా?

చేయించుకోండి, పెళ్లయ్యాక చూద్దామని ఇంట్లో అంటున్నా సరే. ఎఫ్‌ఏపీ అంటే పెద్దపేగు నిండా పాలిప్స్, అంటే చిన్న చిన్న కండ బుడిపెలు, వచ్చే వంశపారంపర్య జబ్బు. కొలనోస్కోపీ అంటే కింది నుంచి కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూడటం. నాన్నగారికి పెద్దపేగు తీసేశారని, మీకు 23 ఏళ్లని, మీ ఇళ్లలో మేనరికాలు లేవు కాబట్టి మీకు రాదంటున్నారని రాశారు. నాకూ ఎఫ్‌ఏపీయే. పరీక్ష చేసేదాకా నాకూ ఏ బాధా లేదు. ఆకలి బాగానే ఉండేది, రక్తం పడలేదు. లోపల చూస్తే పెద్దపేగంతా ఆవాలు చల్లినట్టు పాలిప్స్.

ఈ జబ్బున్న చాలామందిలో ఇవి పదేళ్లు దాటాక మొదలై వందలు, వేలు అవుతాయి. అన్ని ఉన్నప్పుడు ఏదో ఒకటి క్యాన్సర్‌గా మారక మానదు. వైద్యం లేకపోతే సగటున 39 ఏళ్లకే వస్తుంది. ఒక్కొక్కటీ తీసేస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. వందల్లో ఉన్నవాటిని అలా తీయలేరు. మా నాన్నకు రక్తం పడుతుంటే మొలలనుకుని ఏళ్ల తరబడి ఆకుపసరు వాడారు. ఆయన మాకు దక్కలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేనరికంతో ముప్పు పెరిగేది తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం రావాల్సిన జబ్బులకు. దీనికి ఏపీసీ అనే జన్యువులో ఒక వైపు నుంచి లోపం వస్తే చాలు. ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడా మగా తేడా లేదు. మీ అక్క పెళ్లయి వెళ్లిపోయింది కదా అని ఆమెను వదిలేయకండి.

జన్యు పరీక్ష ముందు నాన్నగారికి చేయించండి. లోపం ఎక్కడుందో దొరికితే మీ రక్తంలో ఆ ఒక్కచోటే చూస్తారు. మీకు లేదని తేలితే మీరు బయటపడ్డట్టే, మీ నుంచి మీ పిల్లలకూ రాదు. ఆయనకు ఏమీ దొరక్కపోతే మాత్రం మీకు కొలనోస్కోపీలే దారి. మీ వయసుకు ఆ రిపోర్టు వచ్చేదాకా కూడా ఆగొద్దు.

ఆపరేషన్ అంటే టెన్షన్ పడుతున్నారు కదా. నాకు పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివర సంచిలా కుట్టి కిందికి కలిపారు. అది మానేదాకా కొన్ని నెలలు మలం పోవడానికి పొట్టమీద బ్యాగు. ఆ నెలలే కష్టం. చర్మం ఒరుసుకుపోయేది, ఒంట్లో నీరు తగ్గి కాళ్లు పీకేవి, ఉప్పేసిన మజ్జిగ తాగుతూ ఉండేవాణ్ణి. ఇప్పుడు రోజుకు ఐదారుసార్లు వెళ్లాలి, అంతే. ఉద్యోగం చేసుకుంటున్నాను, కారం తగ్గించి అన్నీ తింటున్నాను. చిన్నపేగు మొదట్లోనూ పాలిప్స్ వస్తాయి కాబట్టి నోటి నుంచి చేసే ఎండోస్కోపీ మాత్రం మానకూడదు.

నేను ఇదంతా పెళ్లిచూపులప్పుడే చెప్పాను. ఒక సంబంధం తప్పిపోయింది, ఆ తర్వాత వచ్చినావిడ నాతోనే ఉంది.

వెళ్లేటప్పుడు నాన్నగారి బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకెళ్లండి. మీ అక్కకు పదేళ్లు దాటిన పిల్లలుంటే, వాళ్లకు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడగండి.