శనివారం పొద్దున వచ్చే కడుపునొప్పి

గుంటూరు నుంచి ఒక తల్లి రాశారు. భర్తతో విడిపోయి పద్నాలుగు నెలలైంది, పుట్టింట్లో ఉంటున్నారు, ఆయనకి విజయవాడలో ఉద్యోగం. కోర్టుదాకా పోలేదు, రెండువైపులా పెద్దమనుషులు కూర్చుని పిల్లలు తల్లి దగ్గర, నెలలో రెండో శనివారం నాలుగో శనివారం తండ్రి దగ్గర అని మాట అనుకున్నారంట. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు నిండాయి. మూడు నెలలుగా ఆయన డబ్బులు పంపట్లేదు. వెళ్లాల్సిన శనివారం పొద్దున్నే బాబుకి కడుపునొప్పి వస్తోంది, పిల్లల డాక్టర్‌కి చూపించి స్కానింగ్ కూడా తీయిస్తే ఏమీ లేదన్నారు, తిరిగొచ్చాక రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడడు. "డబ్బులిచ్చేదాకా పిల్లల్ని పంపడం మానేద్దామనుకుంటున్నా, తప్పా మేడం? ఐదేళ్లు నిండితే పాపని ఆయనకే ఇచ్చేస్తారంట, నిజమేనా?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకుంది డబ్బుల సంగతి కాదు, మధ్యలో ఏదో మామూలు విషయంలాగా రాసేశారే, బస్టాండ్‌లో పిల్లల్ని ఆయనకి అప్పగించే సంగతి. ఆయన ప్లాట్‌ఫాం మీదే బ్యాగ్ జిప్పు తీసి బట్టలు సరిగ్గా పెట్టారో లేదో చూస్తాడు, నా మొహం చూడడు, ఏదన్నా ఉంటే "మీ అమ్మకి చెప్పు ఫీజు నేను కట్టనని" అంటాడు, నేనూ అంతే "మీ నాన్నకి చెప్పు ఆదివారం ఆరుకల్లా దింపమని" అంటా, అని రాశారు. ఆ "నేనూ అంతే" దగ్గర నేను ఆగిపోయా. మీరిద్దరూ మూడడుగుల దూరంలో నిలబడి ఉంటే తొమ్మిదేళ్ల పిల్లాడు మధ్యలో నిలబడి అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోస్తున్నాడు, అక్కడికి మీ ఇద్దరికీ చెవులు లేనట్టు. పైగా ఏ మాటకి ఎవరి మొహం మాడుతుందో వాడికి ముందే తెలుసు. డాక్టర్ ఏమీ లేదన్నాక కూడా వెళ్లే రోజే నొప్పి వస్తోందంటే నా అనుమానం ఆ పది నిమిషాల మీదే. వాళ్ల నాన్న మీద కాదు, ఎందుకంటే అక్కడికెళ్లాక శుభ్రంగా ఆడుకుంటాడనీ ఫోటోలు కూడా చూశాననీ మీరే రాశారు. ఆయన తాగి కొట్టే మనిషైతే నా సమాధానం వేరేలా ఉండేది, పంపొద్దు, ముందు లాయర్ దగ్గరికెళ్లండి అనేదాన్ని. అలాంటిది లేదన్నారు కాబట్టే ఇలా చెప్తున్నా.

కాబట్టి మార్చాల్సింది పంపడం కాదు, అప్పగించే పద్ధతి. రెండో శనివారం స్కూలుకి సెలవే కదా, శుక్రవారం సాయంత్రం స్కూల్ గేటు దగ్గర్నుంచే ఆయన తీసుకెళ్లమనండి, పాపని కూడా అక్కడికే మీ నాన్నగారితో పంపండి, ఎవరు తీసుకెళ్తారో స్కూల్లో కాగితం మీద రాసివ్వండి, ఆదివారం సాయంత్రం ఆయన మీ ఇంటికొచ్చి మీ నాన్నగారికే అప్పగిస్తాడు. మీ తమ్ముడు మాత్రం వద్దు, మీ ఉత్తరాన్నిబట్టి ఆ అబ్బాయికి కోపం కాస్త ఎక్కువలా ఉంది. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో ఇలా స్కూల్ నుంచి స్కూల్‌కి పెట్టుకున్నవాళ్లు చాలామంది చెప్పేదొకటే, మేమిద్దరం ఎదురుపడకపోతేనే పిల్లలు హాయిగా ఉన్నారు మేడం అని. ఇంకొకావిడ అయితే బ్యాగే తీసేసింది, రెండిళ్లలోనూ ఒక జత బ్రష్షు, చెప్పులు, నాలుగు జతల బట్టలు పెట్టించింది, ఖర్చు కొంచెం ఎక్కువే గానీ తీసి చూడ్డానికి జిప్పు ఉండదు గొడవా ఉండదు. ఒక తండ్రి చెప్పింది కూడా గుర్తొస్తోంది, మొదట్లో కూతురు వస్తే ఏం చెయ్యాలో తెలీక ప్రతిసారీ మాల్‌కీ సినిమాకీ తిప్పేవాడంట, ఒకరోజు ఆ పిల్లే "నాన్నా ఇంట్లోనే ఉందాం, నువ్వు దోశలు పొయ్యి" అందంట!

పెద్దవాళ్ల మాటలు పెద్దవాళ్లే చెప్పుకోవాలి. ఫోన్‌లో గొడవైపోతుందంటే వాట్సాప్‌లో రాయండి, జ్వరం, ఫీజు, హోంవర్క్, బస్ టైము, అంతే, పాత కథలొద్దు. రేపు జడ్జిగారు చదివినా సిగ్గుపడక్కర్లేకుండా టైప్ చెయ్యండి. సంక్రాంతి సంగతి ఇప్పుడే తేల్చుకోండి, ఈసారి భోగి, పండగ ఒకరి దగ్గరైతే కనుమ ఇంకొకరి దగ్గర, వచ్చే ఏడాది తిరగెయ్యండి, డిసెంబర్ ఆఖర్లో మొదలుపెడితే మళ్లీ పెద్దమనుషులు దిగుతారు.

ఇక డబ్బులు. పిల్లల్ని పంపడం ఒక ఖాతా, పోషణ ఖర్చు ఇంకో ఖాతా, రెండూ కలపొద్దు. మీ కోపం న్యాయమైందే, మూడు నెలలు మీ నాన్నగారి పెన్షన్‌తో నెట్టుకొచ్చారంటే నాకూ ఒళ్లు మండింది. కానీ పంపడం మానేస్తే రేపు కోర్టులో "పిల్లల్ని చూపించట్లేదు" అన్నది మీ మీద మచ్చగా నిలబడుతుంది, ఆయన డబ్బులివ్వని సంగతి వెనక్కిపోతుంది. డబ్బులకి దారి వేరే ఉంది. 2024 జూలై నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ స్థానంలో కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 144వ సెక్షన్ వచ్చింది, దాని కింద పిల్లలకీ మీకూ భరణం అడుగుతూ మీరుంటున్న గుంటూరులోనే పిటిషన్ వేసుకోవచ్చు, విజయవాడ తిరగక్కర్లేదు. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది కాబట్టి "నాకు జీతమే లేదు" అని నోటిమాటగా తప్పించుకోవడం కష్టం. లాయర్ ఫీజు గురించి భయపడకండి, 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. అక్కడే ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో రాయించుకోండి, దానికి కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానమైన విలువ ఉంటుంది. పెద్దమనుషుల మాటకి అది లేదు, ఆ సంగతి మీకు ఈ మూడు నెలల్లో తెలిసొచ్చే ఉంటుంది.

పాప గురించి ఎవరు భయపెట్టారో గానీ సగమే చెప్పారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరుండాలని ఉంది, అంతేగానీ ఐదో పుట్టినరోజున కేకు కోసి తండ్రికి అప్పజెప్పమని లేదు. ఆ తర్వాత కూడా కోర్టు చూసేది పిల్లలకి ఏది మంచిదీ అన్నదే. బాబు వయసు పిల్లల్నయితే జడ్జిగారు లోపలికి పిలిచి విడిగా మాట్లాడటం కూడా ఉంటుంది. అలాగే పిల్లలు దగ్గర లేని తల్లి గానీ తండ్రి గానీ రోజూ ఐదు పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే వీలుండాలని సుప్రీంకోర్టు 2020లోనే ఇంకో కేసులో చెప్పింది. రాత్రి భోజనాలయ్యాక ఒక టైము పెట్టేసి ఫోన్ బాబు చేతికిచ్చి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి, తలుపు చాటున వినొద్దు (వినబుద్ధేస్తుంది, తెలుసు).

ఈ వారం బ్యాగ్ వాడినే సర్దుకోనివ్వండి. తిరిగొచ్చాక "ఏం తిన్నావు, ఎవరొచ్చారు, నానమ్మ ఏమంది" అని అడక్కండి, స్నానం చేయించి అన్నం పెట్టండి, వాడంతట వాడు చెప్తే వినండి. ఇలా ఒక రెండు నెలలు చూశాక కూడా నొప్పి అలాగే వస్తుంటే పిల్లల సైకాలజిస్ట్‌కి చూపిద్దాం, నాకు మళ్లీ రాయండి.