లోహ ఆక్సైడ్ నానోరేణువులు మందును నేరుగా కణితికే చేరుస్తాయా?

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు ఐరన్ ఆక్సైడ్ మంచిదా, జింక్ ఆక్సైడ్ మంచిదా, వాటిపై ఎక్కించిన క్యాన్సర్ మందు నిజంగా కణితికే చేరుతుందా అని మీరు అడిగారు. సిట్రేట్ (సిట్రిక్ ఆమ్లపు లవణం) పూత పూసిన ఐరన్ ఆక్సైడ్ నానోరేణువులపై డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందును ఎక్కించే పని కొంతకాలం చేసినవాడిగా రెండో ప్రశ్న నుంచే మొదలుపెడతాను.

తనంతట తాను చేరదు. సిరలోకి ఎక్కించిన రేణువులకు నిమిషాల్లోనే రక్తంలోని ప్రోటీన్లు అంటుకుంటాయి, ఆపైన కాలేయం, ప్లీహంలోని భక్షక కణాలు వాటిని చాలావరకు మింగేస్తాయి. డెక్స్‌ట్రాన్, పాలిఇథిలీన్ గ్లైకాల్ వంటి పూతలు దీన్ని ఆలస్యం చేస్తాయే తప్ప పూర్తిగా ఆపలేవు. అన్ని రకాల నానోరేణువులపై అంతకు ముందు పదేళ్లలో వచ్చిన పరిశోధనలను కలిపి 2016లో ప్రచురించిన విశ్లేషణలో, ఎక్కించిన మోతాదులో కణితిని చేరినది మధ్యగతంగా 0.7 శాతమని తేలింది. అయస్కాంతంతో లాగవచ్చు కదా అంటారేమో; జర్మనీలో ఎపిరూబిసిన్ అనే క్యాన్సర్ మందును అయస్కాంత ద్రవానికి (అయస్కాంత రేణువులు కలిసిన ద్రవం) జోడించి 14 మంది రోగులకు ఇచ్చిన తొలిదశ పరీక్ష 1996లోనే వెలువడింది, కానీ ఆ ద్రవం కణితికి చేరింది సుమారు సగం మందిలోనే. దూరం పెరిగేకొద్దీ అయస్కాంతం లాగే బలం వేగంగా పడిపోతుంది కనుక లోతున ఉన్న కణితుల విషయంలో ఇది మరీ కష్టం.

అయినా నేను ఐరన్ ఆక్సైడ్‌నే ఎంచుకోమంటాను. అది కరిగితే వచ్చే ఇనుమును శరీరం తన ఇనుము నిల్వల్లో కలుపుకోగలదు. ఆ రకానికే చెందిన ఫెరుమాక్సిటాల్‌కు మూత్రపిండాల రోగుల రక్తహీనతకు అమెరికాలో 2009లో అనుమతి లభించింది (తీవ్రమైన అలర్జీల కారణంగా 2015లో దానిపై గట్టి హెచ్చరిక చేర్చారన్నదీ నిజమే). జింక్ ఆక్సైడ్ లైసోసోముల (కణం లోపలి ఆమ్లపు సంచుల) ఆమ్లత్వంలో కరిగి జింక్ అయాన్లను వదులుతుంది, ఆ అయాన్లే కణాలను చంపగలవు. అందువల్ల మందు లేని రేణువులను విడిగా పరీక్షించనిదే చంపింది మందో జింకో చెప్పలేరు.

మీ సమయమంతా మందు విడుదల ప్రయోగానికే పెట్టండి. పీహెచ్ 7.4 (రక్తంలో ఉండేది) దగ్గర తక్కువ, 5 (లైసోసోముల్లోలా ఆమ్లం) దగ్గర ఎక్కువ విడుదలైనట్లు చూపే అందమైన గ్రాఫు దాదాపు అందరికీ వస్తుంది. ఆమ్లంలో సిట్రేట్ ఋణావేశం తగ్గి మందుతో బంధం సడలుతుందన్నది నిజమే గాని, డాక్సోరూబిసిన్ ద్రావణీయత కూడా ఆమ్లంలోనే పెరుగుతుంది, పైగా ఈ ప్రయోగంలో రేణువులను ఉంచే సన్నని రంధ్రాల డయాలసిస్ బ్యాగు గోడే మందును కొంత ఆపుతుంది. కాబట్టి రేణువులు లేకుండా మందును మాత్రమే అదే బ్యాగులో, రెండు పీహెచ్‌ల దగ్గరా తప్పక నడపాలి. ఫాస్ఫేట్ బఫరుతో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంతో) మరో చిక్కుంది: ఫాస్ఫేట్ ఐరన్ ఆక్సైడ్ ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుని సిట్రేట్‌ను, దానితోపాటు మందును కూడా నెట్టివేయగలదు. ఒకచోట ఫాస్ఫేట్, మరోచోట అసిటేట్ వాడితే మీరు కొలిచే తేడా పీహెచ్‌దో బఫరుదో తెలియదు.

ఇనుము సమీపంలో డాక్సోరూబిసిన్ ఫ్లోరోసెన్స్ (కాంతి పడితే తిరిగి వెలుగునిచ్చే గుణం) అణగిపోతుంది కనుక, రేణువులు కలిసి ఉన్న ద్రవంలో ఆ పద్ధతిన కొలవకండి. అయస్కాంతంతో, అవసరమైతే సెంట్రిఫ్యూజ్‌తో రేణువులను పక్కకు లాగి, పైన తేరిన ద్రవంలో మిగిలిన మందును 480 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణతో కొలిచి, మొదట కలిపిన దానిలోంచి తీసివేస్తే, ఎక్కిన మందు లెక్క నమ్మదగినదిగా వస్తుంది.